ల్యాబు శామ్యూల్ చీల్చి చూడని గుల్ల

మెట్టకూరులో శామ్యూళ్ళు నలుగురైదుగురు ఉంటారు గానీ, ల్యాబు శామ్యూల్ అంటే ఒక్కడే. యానాంలో బస్సు దిగి ఆ మాట అంటే చాలు, ఆటోవాడు ఇంకో ప్రశ్న వెయ్యకుండా తీసుకెళ్ళి ఆయన గుమ్మం ముందు దింపేవాడు. ఏడో తరగతి చదివిన మనిషి గుమ్మం ముందు ఎమ్మెస్సీలు చదివినవాళ్ళు చెప్పులు విడిచి నిలబడేవారు. గొప్ప కోసం అంటున్న మాట కాదిది. చుట్టుపక్కల ఏ రొయ్యల రైతుని అడిగినా చెబుతాడు.

ఆ ఏడు తరగతులూ మెట్టకూరు బడిలోనే. ఆ తరవాత తండ్రితో పాటు సరుకు పడవ మీద గెడ వేశాడు. వెదురు గెడని నీళ్ళ అడుగున బురదలో దించి, కొసని భుజానికి ఆనించుకుని, పడవ ముందు భాగం నుంచి వెనక్కి నడవాలి. మనిషి వెనక్కి నడుస్తుంటే పడవ ముందుకు పోతుంది. లారీలొచ్చి ఆ పని పోయాక కూలికెళ్ళాడు. ఊడ్చాడు, కోశాడు, మోశాడు. టైగరు రొయ్య వచ్చిన రోజుల్లో ఒక చెరువుకి కాపలా కుదిరాడు. అక్కడికి హేచరీ నుంచి సెబాస్టియన్ అనే టెక్నీషియన్ మైక్రోస్కోపు పట్టుకుని వచ్చేవాడు. కాపలావాడు రోజూ తన భుజం మీదుగా తొంగి చూడటం గమనించి, "నువ్వూ చూస్తావేంట్రా?" అని నవ్వుతూ పక్కకి జరిగాడు. అతను జరిగిన ఆ జానెడు చోటులోనే శామ్యూల్ మిగతా బతుకంతా కూర్చున్నాడు.

ఆయన పని చేసే తీరు చూడాలి. ఒంటి గొట్టం మైక్రోస్కోపు. ఎడమ కన్ను గొట్టంలో, కుడి కన్ను పక్కనున్న కాగితం మీద. రెండు కళ్ళూ తెరిచే ఉంచాలి. అలా కొన్నాళ్ళు పట్టు పడితే, గొట్టంలో కనబడేది కాగితం మీద వచ్చి పడినట్టు అనిపిస్తుంది. దాని వెంట పెన్సిలు తిప్పుకుంటూ పోవడమే. గీసిన బొమ్మ కింద తేదీ, చెరువు పేరు. కదిలే ప్రాణి అయితే పక్కన చిన్న బాణం, అది ఎటు కదిలిందో చూపిస్తూ. అలా ముప్పై నాలుగు నోటుపుస్తకాలు నింపాడు.

తెల్లమచ్చ రోగం వచ్చిన ఏడాది, రొయ్య చిప్ప మీద ఆవగింజంత మచ్చ చూసి, "ఈ పూటే పట్టేసి అమ్ముకోండి" అని పదహారు చెరువుల రైతుల్ని ఒడ్డున పడేశాడు. రొయ్య మొప్పల మీద కాడ కట్టుకుని గంటల్లా ఊగే ప్రాణుల్ని రైతులకి గొట్టంలో చూపించి, "మీ చెరువు అడుగు కుళ్ళింది, ముందు అది బాగు చేసుకోండి" అని మందుల ఖర్చు తప్పించాడు. పదకొండు మందికి పని నేర్పాడు. వాళ్ళిప్పుడు భీమవరంలో, అమలాపురంలో పెద్ద పెద్ద ల్యాబుల్లో కూర్చున్నారు. రైతులు రెండుసార్లు శాలువా కప్పారు, ఒకసారి షీల్డు ఇచ్చారు. కాకినాడలో మూడు రోజుల శిక్షణకి వెళ్తే, పాఠం చెప్పే ఆయనే మధ్యలో ఆగి, "శామ్యూల్ గారూ, మీరేమంటారు?" అని అడిగాడు. శామ్యూల్ చూశాడంటే చూసినట్టే అన్న మాట అలా పుట్టింది.

ఏటా తన పుట్టినరోజు తరవాత వచ్చే ఆదివారం ఆయన గుడిలో, అంటే వాళ్ళ చర్చిలో, లేచి దేవుడు తనకి చేసిన మేలుని సాక్ష్యంగా చెప్పేవాడు. గెడ పట్టిన చేతికి దేవుడు మైక్రోస్కోపు గాజుపలక ఇచ్చాడని మొదలుపెట్టి, పైన చెప్పినవన్నీ వరసగా చెప్పి, చిట్టచివర క్రిస్టోఫర్ చెరువు సంగతి చెప్పేవాడు. అందరూ దాని కోసమే ఎదురుచూసేవారు. ఆయన ఘనతలన్నిట్లోకీ అది పెద్దది. ఆయన్ని ఇప్పుడు నిద్రపోనివ్వనిదీ అదే.

రెండు వేల పదకొండు. వెనామీ రొయ్య కొత్తగా వచ్చిన రోజులు. గుడి పెద్ద క్రిస్టోఫర్ చెరువులో రొయ్య మేత మానేసింది. తెల్లటి దారపు ముక్కల్లా రెట్ట నీళ్ళ మీద తేలుతోంది. మేత కంపెనీవాళ్ళు వచ్చి తెలియదన్నారు. రొయ్యల్ని ఐసు పెట్టెలో పెట్టుకుని కాకినాడ ల్యాబుకి వెళ్తే, అక్కడా తేలలేదు. క్రిస్టోఫర్ అదే పెట్టెతో తిరిగొచ్చి శామ్యూల్ బల్ల మీద పెట్టాడు. వెనకాలే అతని చుట్టుపక్కల చెరువుల రైతులు. గదిలో పన్నెండు మంది.

శామ్యూల్ రొయ్య పేగు చీల్చి, చుక్క నీళ్ళలో పరిచి, గొట్టంలోకి చూశాడు. నిండా ఉన్నాయి. గాజులా తేటగా, పొడుగ్గా, ఒంపులు తిరిగి, పురుగుల్లాంటి ఆకారాలు. ఈ బొమ్మ శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో ఉంది. గ్రెగారిన్. ఒకే ఒక్క కణం ఉన్న జీవి. గుల్లల్లో కొన్నాళ్ళు పెరిగి, రొయ్య పేగులోకి చేరుతుందని, పురుగులా జారుతూ తిరుగుతుందని రాసి ఉంది.

పెన్సిలు తీసి గీశాడు. బాణం కోసం ఆగాడు. ఒక నిమిషం, ఐదు నిమిషాలు. ఒక్కటీ కదల్లేదు.

"ఏటండీ, ఏమైనా కనపడ్డాదా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఐసులో చచ్చి ఉంటాయి, అనుకున్నాడు శామ్యూల్. బతికున్న రొయ్యని తెమ్మంటే అరగంటలో తెస్తారు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ కాకినాడలో తేలనిది తన బల్ల మీద తేలబోతోంది. పన్నెండు మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు.

"గ్రెగారిన్," అన్నాడు.

"అంటే ఏటండీ?"

"కంటికి కనపడని జీవి. గుల్లల్లోంచి వస్తుంది."

క్రిస్టోఫర్ ముందుకు వంగాడు. "గుల్లలంటే, మన రాహేలు కాలవ గట్టు మీద ఉడకేస్తాదే, ఆ గుల్లలేనా?"

తెలియదు అనొచ్చు. చూసి చెబుతాను అనొచ్చు. శామ్యూల్ తల ఎత్తకుండా, "చెరువులోకి వచ్చేది ఆ కాలవ నీళ్ళే కదా," అన్నాడు.

రాహేలు ఆయన సొంత చెల్లెలు. పదేళ్ళు చిన్నది. మొగుడు పోయాక, పోటు తీసిన వేళ, ఏరు సముద్రంలో కలిసే మొగలో నడుం లోతు నీళ్ళలో దిగి గుల్లలు ఏరి, గట్టు మీద పెద్ద పెద్ద గంగాళాల్లో ఉడకేసి, మాంసం యానాం బజారులో, చిప్పలు సున్నపు బట్టీకి అమ్మి, కూతురు శాంతిని పదో తరగతి చదివించుకుంటోంది. ఒకరి దగ్గర చెయ్యి చాపని మనిషి. అన్న దగ్గర కూడా.

మర్నాడు పొద్దున్నే రైతులు ట్రాక్టరు తెచ్చారు. చిప్పల గుట్టలు ఎత్తించేశారు. గంగాళాలు తిరగేసి, పొయ్యిరాళ్ళు కాలితో తోసి, ఇక ఈ గట్టున గుల్ల కనపడకూడదన్నారు. రాహేలు ఆ రోజు ఏరిన గుల్లలు బేసిన్లో వేసుకుని తిన్నగా అన్న ల్యాబుకి వచ్చింది. అప్పటికే అక్కడ రైతులు బారులు తీరి ఉన్నారు.

"అన్నయ్యా, నా గుల్లల్లో పురుగుందని చెప్పావంట."

"పురుగు కాదే. కంటికి కనపడని జీవి."

"కంటికి కనపడంది నీ గొట్టంలో కనపడద్ది గదా. ఇదిగో, ఈయేళ ఏరినవే. ఒకటి చీల్చి చూడు."

"చూడక్కర్లేదు. పుస్తకంలో ఉంది."

"పుస్తకం నా గుల్లల్ని చూసిందేటి?"

వరసలో ఉన్నవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు శామ్యూల్‌కి ఎక్కడో తగిలింది. "ఎల్లు రాహేలూ, పనిలో ఉన్నాను," అన్నాడు.

ఆమె బేసిన్ గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రానికి గుల్లలు నోళ్ళు తెరిచి కంపు కొట్టాయి. శామ్యూల్ భార్య ఎస్తేర్‌రాణి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వాటిని దొడ్లో పారబోస్తూ, "ఒక్కటి చూస్తే నీ కన్నేం అరిగిపోద్ది?" అంది. ఆయన వినపడనట్టు గాజుపలకలు తుడుచుకున్నాడు.

రాహేలు కనకాలపేట వెళ్ళిపోయి అక్కడ ఒక కల్యాణమండపంలో అంట్లు తోమే పనికి కుదిరింది. శాంతి చదువు పదితో ఆగింది. ఆ మరుసటి ఏడు సాక్ష్యంలో శామ్యూల్ మొదటిసారి క్రిస్టోఫర్ చెరువు కథ చెప్పాడు. కాకినాడలో తేలనిది ఏడో తరగతి వాడికి దేవుడు చూపించాడని, గుల్లల రూపంలో వచ్చిన కీడుని గట్టు మీంచి తొలగించామని. ఆ రోజు ఆడవాళ్ళ వైపు కూర్చున్న రాహేలు మధ్యలో లేచి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. పిల్లకి ఒంట్లో బాలేదేమో అనుకున్నాడు శామ్యూల్. ఆమె మళ్ళీ ఆ గుడి మెట్టు ఎక్కలేదు.

గుల్లలు పోయినా తరవాతి పంటలో తెల్లరెట్ట మళ్ళీ వచ్చింది. "కాలవలో ఇంకా మిగిలుంటాయండి," అన్నారు రైతులు. ఉంటాయి, అన్నాడు శామ్యూల్.

పద్నాలుగేళ్ళు అలా గడిచాయి. చేతులు వణకడం మొదలయ్యాక ల్యాబు తగ్గించేశాడు. ఎవరైనా పాతవాళ్ళొస్తే చూసేవాడు. అలాంటి రోజుల్లో, మొన్న వానలు తగ్గాక, సాయిదివ్య వచ్చింది. యానాం పిల్లే. తండ్రికి బట్టల కొట్టు. దూరంగా ఏదో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది.

"తాతగారూ, బతికున్న గ్రెగారిన్లు కావాలండి. ఈ ప్రాంతంలో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదన్నారు."

శామ్యూల్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "కూర్చో అమ్మా. వాటితో నీకేం పని?"

"అవి ఎలా కదులుతాయో చూడాలి. కాళ్ళు లేవు, తోక లేదు, ఒంటి మీద ఊగే వెంట్రుకలూ లేవు. అయినా మంచు మీద జారినట్టు జారిపోతాయి. ఎలా అన్నదే నా చదువండి."

ఆమె బల్ల మీది కాగితం తీసుకుని బొమ్మ వేసింది. ఒక్క కణమే అయినా దానికీ లోపల ఒక గూడు ఉంటుందట. ఇంటికి వాసాల్లా ఆకారాన్ని నిలబెట్టే సన్నటి గొట్టాలు కొన్ని. ఒంటి పొర కింద పరుచుకున్న దారాలు కొన్ని, వాటి పేరు ఆక్టిన్. ఆ దారాల మీద అడుగులు వేసే ప్రోటీను ఒకటి, మయోసిన్. మన కండల్లో ఉండే దానికి చుట్టమేనట. మోటారు ప్రోటీన్లు అంటారట అలాంటి వాటిని.

"ఈ మయోసిన్ లోపల గట్టిగా కట్టేసి ఉంటుందండి. అది దారాన్ని వెనక్కి తోస్తుంది. దారం రెండో పక్క బయట నేలని అంటుకుని ఉంటుంది. అంచేత..."

"అంచేత దారం వెనక్కి పోలేదు. ప్రాణే ముందుకి పోద్ది," అన్నాడు శామ్యూల్.

దివ్య పెన్సిలు ఆపి చూసింది. "మీకెలా తెలుసండి?"

"గెడ వేశానమ్మా. బురద కదలదు. పడవే కదులుద్ది."

"అయ్యబాబోయ్! మా ప్రొఫెసర్‌గారు నాలుగు రోజులు చెప్పారండి ఇది నాకు." ఆమె గట్టిగా నవ్వింది. "మలేరియా క్రిమి కూడా మన ఒంట్లో ఇలాగే జారుద్ది. ఈ గ్రెగారిన్ దానికి దూరపు బంధువు. దీంట్లో తేలనివి ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ తేలిపోతే నేనింత దూరం ఎందుకొస్తానండి?"

ఆ సంబరంలో శామ్యూల్ నోటుపుస్తకాలన్నీ దింపాడు. దివ్య ఒక్కో పేజీ తిప్పుతూ మురిసిపోయింది. ఏ బొమ్మలోనైనా బాణం కనబడితే వేలు పెట్టి ఎటు పోయిందో చూసేది. ఇరవయ్యో పుస్తకంలో ఒక పేజీ దగ్గర ఆగింది.

"తాతగారూ, వీటికి బాణాల్లేవేంటి?"

శామ్యూల్ ఆ పేజీ వైపు చూడకుండానే చెప్పాడు. "అవి ఐసులో వచ్చినవమ్మా."

"ఆ తరవాత బతికున్న రొయ్యలో చూశారా?"

ఆయన చెయ్యి చాపి ఆ పుస్తకం మూసేశాడు.

దివ్యకి ఏమీ తెలియదు పాపం. తన పనికి పనికొస్తాయని క్రిస్టోఫర్ చెరువుకే వెళ్ళి, తెల్లరెట్ట వేస్తున్న రొయ్యల్ని నీళ్ళతో సహా బతికుండగా పట్టుకొచ్చింది. ఇరవయ్యో పుస్తకంలో గీసిన ఆకారాలే. గాజులా తేటగా, ఒంపులు తిరిగి. గంటసేపు ఇద్దరూ మార్చి మార్చి చూశారు.

"ఇది గ్రెగారిన్ కాదండి," అంది దివ్య చివరికి. "దానికైతే తల వైపు ఒక అడ్డుగోడ, లోపల కణకేంద్రం కనపడాలి. ఇందులో అసలేమీ లేదు. ఇది జీవే కాదు. రొయ్య కాలేయంలో కణాల మీద నూగులాంటిది ఉంటుంది కదా, అది ఊడిపోయి, ముద్దకట్టి, చుట్టుకుని పేగులోకి వస్తే పురుగులా కనపడుద్దండి. పదేళ్ళ కిందటే వేరే దేశంలో తేల్చారు. అంతకుముందు అందరూ పొరబడ్డారు, పెద్ద పెద్దవాళ్ళు కూడా. మీ తప్పేం లేదండి."

"మరి గుల్లలు?"

"గుల్లలకీ దీనికీ ఏ సంబంధం లేదు తాతగారూ."

ఆ పిల్ల ఓదార్పుగా అన్న మాటే శామ్యూల్‌ని కోసింది. అందరూ పొరబడ్డారు, నిజమే. కానీ ఆ అందరి గుమ్మాల్లో గుల్లల బేసిన్ పెట్టి, ఒకటి చీల్చి చూడమని ఎవరూ అడగలేదు. ఆయన్ని అడిగారు.

ఎస్తేర్‌రాణికి చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టి, "నాకు చెబితే ఏం లాభం? కనకాలపేటకి ఆటోలో పది నిమిషాలు," అంది.

ఆయన వెళ్ళేసరికి రాహేలు కల్యాణమండపం వెనక, తన ఎత్తున పేర్చిన డేగిసాల మధ్య కూర్చుని తోముతోంది. అన్నని చూసి లేవలేదు. ఆయనే పక్కనున్న పీట లాక్కుని కూర్చున్నాడు.

"నీ గుల్లల్లో ఏం లేదే రాహేలూ. నేను చూసింది అసలు జీవే కాదంట."

ఆమె తోముతున్న గిన్నె తిప్పి రెండో వైపు తోమింది. "నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నా బిడ్డకి పెట్టి పెంచాను గదా ఆ గుల్లలు. నాకు తెలీదేటి?"

"నాదే తప్పు. ఆ రోజు చూడాల్సింది."

"అన్నయ్యా, ఇది నాకెందుకు చెబుతున్నావు? పద్నాలుగేళ్ళు బజారులో నన్ను చూపించి ఏమన్నారో తెలుసా? చెరువులు చంపినావిడ అన్నారు. శాంతి సంబంధానికి వచ్చినోళ్ళు కూడా అడిగారు ఆ మాట. నువ్వు అప్పుడు ఊళ్ళో చెప్పావు గదా, ఇప్పుడూ ఊళ్ళోనే చెప్పు. గుళ్ళో చెప్పావు గదా, గుళ్ళోనే చెప్పు."

"డెబ్బయ్యో పుట్టినరోజని కృతజ్ఞత కూడిక పెడుతున్నారు. అందరూ వస్తారు. అక్కడ చెబుతాను. నువ్వు రావాలి."

రాహేలు అప్పుడు మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. "నా పేరు పెట్టి చెబుతావా?"

"చెబుతాను."

"అయితే వస్తాను."

శామ్యూల్ ఆ రాత్రీ మర్నాడూ కూర్చుని కాగితం మీద రాశాడు. మరిచిపోకుండా ఉండాలని చివరి నాలుగు వాక్యాల కింద గీత గీశాడు. నా చెల్లెలు రాహేలు గుల్లల వల్ల ఎవరి చెరువూ పోలేదు. ఒకటి చీల్చి చూడమని ఆమె అడిగితే నేను చూడలేదు. నా మాట మీద ఊరు ఆమె పొయ్యి తీసేసింది. నన్ను క్షమించమని అందరి ముందూ ఆమెని అడుగుతున్నాను.

ఆదివారం గుడి నిండిపోయింది. బయట షామియానా, బిర్యానీ డేగిసాలు. వెనక వరసలో, ఆడవాళ్ళ వైపు, రాహేలు కూతురితో వచ్చి కూర్చోవడం శామ్యూల్ చూశాడు. ఉతికి గంజి పెట్టిన తెల్లచీర. తల మీద కొంగు.

లేచి నిలబడ్డాడు. మొదలు ఎప్పటిలాగే వచ్చింది. గెడ, గాజుపలక, పదహారు చెరువులు, పదకొండు మంది శిష్యులు. ఒక్కో మాటకీ జనం "స్తోత్రం" అంటుంటే గొంతు దానంతట అది సాగిపోయింది. ముప్పై ఏళ్ళుగా అలవాటైన దారి. మధ్యలో దిగాలంటే ఎక్కడ దిగాలో తెలియలేదు. చివరికి క్రిస్టోఫర్ చెరువు దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు నేను చూసింది గ్రెగారిన్ కాదు," అన్నాడు. "అది అసలు ప్రాణమున్నదే కాదు. మొన్ననే తెలిసింది. డెబ్బయ్యేళ్ళ వయసులో, నేను పొరబడ్డానని మీ ముందు ఒప్పుకుంటున్నాను."

కాగితం కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ఈలోపే ముందు వరసలోంచి క్రిస్టోఫర్ లేచాడు. "చూశారా, ఏం తగ్గింపు, ఏం వినయం! ఇంత పేరున్న మనిషి, ఎవరూ అడక్కుండానే!" పాస్టరుగారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఈ గుడిలో తాను వినలేదన్నారు. చప్పట్లు. ఎవరో శాలువా విప్పారు. అది భుజాల మీద పడింది.

చెయ్యి ఎత్తి ఆగండి అనొచ్చు. ఇంకా నాలుగు మాటలున్నాయి అనొచ్చు. దేవుడెరుగు, ఆయనకి ఆ క్షణంలో ఆ చప్పట్లు తియ్యగానే ఉన్నాయి. జేబులో చెయ్యి జేబులోనే ఉండిపోయింది. పాస్టరుగారు ప్రార్థనకి అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. తెరిచేసరికి వెనక వరసలో తెల్లచీర లేదు.

గేటు దగ్గర అందుకున్నాడు. శాంతి ఆటో మాట్లాడుతోంది.

"భోంచేసి వెళ్ళవే."

"నీ ఘనతల్లో ఇదొకటి చేరింది అన్నయ్యా," అంది రాహేలు. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది.

"రాసుకొచ్చానే. ఇదిగో చూడు, నీ పేరుంది ఇందులో. చెప్పేలోపే..." ఆయన కాగితం ఆమె ముందుకి చాపాడు.

"నాకు చూపిస్తావేటి? నాకు చదవడం రాదని నీకు తెలీదా?" ఆమె ఆటో ఎక్కి, కొంగు సర్దుకుని, అటు తిరిగి కూర్చుంది. "మావయ్యా, ఎండలో నిలబడకు. లోపలికెళ్ళు," అంది శాంతి. ఆటో వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆయన చెరువుల వైపు బయల్దేరాడు. ఆ రోజు గదిలో నిలబడ్డ పన్నెండు మందికీ ఒక్కొక్కరికీ చెప్పాలని. తిరిగితే తెలిసింది. ఐదుగురు పోయారు. ముగ్గురు చెరువులు వదిలేసి ఎటో వెళ్ళారు. ఉన్నవాళ్ళలో ఒకాయనకి చెవులు వినపడవు. శామ్యూల్ ఎంత గట్టిగా చెప్పినా, "ఆయ్, మీ దయండి, రొయ్య బాగానే ఉందండి," అంటాడు. ఇద్దరు విని తల ఊపి టీ ఇచ్చారు.

క్రిస్టోఫర్ మాత్రం విసుక్కున్నాడు. "ఎందుకండీ ఇప్పుడవన్నీ? నిన్న చెప్పారు కదా, అయిపోయింది. ఆవిడకిప్పుడేం లోటు?"

"గట్టు మీంచి లేపింది మనం."

"మీరు చెప్పారు, మేం లేపాం," అన్నాడు క్రిస్టోఫర్. తరవాత తన మాట తనకే గట్టిగా వినపడినట్టుంది, చూపు తిప్పుకుని, "చూసి చెప్పారనుకున్నాం అండి," అన్నాడు మెల్లగా.

చివరగా, ఆ పన్నెండు మందిలో ఒకడైన అప్పారావు చెరువు మిగిలింది. అప్పారావు పోయి నాలుగేళ్ళు. కొడుకు ప్రవీణ్ చూసుకుంటున్నాడు. ఒకప్పుడు గంగాళాలుండే చోట గట్టుకి సిమెంటు వేసి, మోటార్లకి రేకుల గది కట్టాడు. ఆ గది ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"రండి తాతగారూ. నిన్న కూడికకి రాలేకపోయానండి. చాలా బాగా మాట్లాడారంట కదా."

"రాహేలు గురించి చెబుదామని వచ్చాను బాబూ."

"రాహేలంటే ఎవరండీ?"

రాహేలుని గట్టు మీంచి లేపిన ఏడాదికి అతనికి ఎనిమిదేళ్ళుంటాయి. శామ్యూల్ సిమెంటు గట్టు వైపు చెయ్యి చూపించాడు. "మా చెల్లెలు. ఇక్కడ, నువ్వు నిలబడ్డ చోటే, గుల్లలు ఉడకేసేది," అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. కాగితం తియ్యలేదు. తన గురించి చెప్పుకున్నది ఒక్క ముక్కే: నేను చూడకుండా చెప్పాను, అని.

ప్రవీణ్ ఫోను జేబులో పెట్టుకుని బుద్ధిగా విన్నాడు. "పాపం అండి," అన్నాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఏం వద్దు బాబూ. ఎవరైనా అడిగితే, గుల్లల వల్ల కాదని చెప్పు. చాలు."

"చెబుతానండి," అన్నాడు ప్రవీణ్. ఒక్క క్షణం ఆలోచించి, మర్యాదగానే, "కానీ ఎవరడుగుతారండీ?" అన్నాడు.